నమూనా ఇల్లు

ఎర్రగుడ్డ మళ్ళీ బయటికొచ్చింది. అత్త దాన్ని ట్రంకుపెట్టెలోంచి తీసి, దులిపి, కొత్త మిషను మీద పెట్టిందంటే ఇల్లు చూడ్డానికి ఎవరో వస్తున్నారన్నమాట. జానెడు వెడల్పు, మూరెడు పొడుగు ఉన్న ఆ ముక్క మీద ఇప్పటికి ఎన్ని కుట్లు వేసిందో కోడలికే గుర్తు లేదు. ఎవరొచ్చినా దాని మీద ఒక కుట్టు వెయ్యాలి. ఫోటో తీసినంతసేపూ మోటారు తిరగాలి, ఫోటో కాగానే ఆగిపోవాలి. కుట్టు మీద కుట్టు పడి ఆ గుడ్డ అట్టముక్కలా బిగుసుకుపోయింది. బొమ్మకి గౌనుగా కూడా పనికిరాదు.

"ఎల్లుండట," అంది అత్త. "ఈసారి మామూలువాళ్ళు కాదు. పై ఆఫీసు నుంచి పెద్ద మేడమ్ వస్తోందట. ఆవిడ మెచ్చితే మన వీధి మొత్తానికీ కరెంటు వచ్చేసినట్టే."

కోడలు తల ఎత్తలేదు. పాత కాలిమిషనును గుమ్మంలోకి లాక్కుని స్కూలు చొక్కాలకి కాలర్లు కుడుతోంది. వెలుతురు ఎటు జరిగితే మిషనును అటు జరుపుకుంటూ పోవడం ఆమెకు అలవాటు. పొద్దున కిటికీ దగ్గర, మధ్యాహ్నం గుమ్మంలో, సాయంత్రం వీధి అరుగు మీద. కుడి మోకాలు వాచిపోయింది. తొక్కినప్పుడల్లా లోపల ఏదో జారి మళ్ళీ చోటికొచ్చినట్టు కలుక్కుమంటోంది. చేతికందేంత దూరంలో, గోడవారగా, మోటారు బిగించిన కొత్త మిషను పూల ముసుగేసుకుని కూర్చుంది. దాన్ని చూసినప్పుడల్లా కోడలికి ఒళ్ళు మండుతుంది.

"ఎల్లుండి కదా అత్తయ్యా. ఈ సాయంత్రం కాసేపు మోటారు మీద కుట్టుకుంటాను. వారం చివరికల్లా చొక్కాలన్నీ అందాలని షాపాయన మరీ మరీ చెప్పాడు. లేకపోతే రోడ్డవతల కరెంటున్న ఆడవాళ్ళకి ఇచ్చేస్తాడట. ఒకసారి అటు పోయిన పని మళ్ళీ ఇటు రాదు."

"ఎల్లుండి పెద్ద మేడమ్ వస్తుంటే ఇవాళ బ్యాటరీ ఖాళీ చేస్తానంటావా? బుద్ధుండే మాట్లాడుతున్నావా?"

"రేపటి ఎండకి మళ్ళీ నిండుతుంది కదా."

"మబ్బేస్తే?"

ఈ ఇంటికి సోలార్ పలకలు వచ్చిన దగ్గర్నుంచీ ఆ ఒక్క ముక్కతో అత్త అందరి నోళ్ళూ మూయిస్తోంది. ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? మొదట్లో ఒకసారి నిజంగానే మబ్బేసింది. ముందురోజు ముచ్చటపడి దీపాలన్నీ వేసుకున్నారు. తెల్లారి ఎవరో పెద్దమనుషులు వచ్చి స్విచ్చి నొక్కితే బల్బు మిణుగురులా మిణికి ఊరుకుంది. పలకలు పెట్టించిన ఆఫీసు మనిషి ఫోటోల బాబు అందరి ముందూ అత్తని నిలబెట్టి కడిగేశాడు. అసలు ఉద్యోగం ఏదైనా, ఎప్పుడూ మెడలో కెమెరాతోనే తిరుగుతాడని వీధిలో అతనికి ఆ పేరు పడింది. "నీ ఇంటి వల్ల వీధి పరువంతా పోయిందమ్మా. వచ్చినవాళ్ళకి దీపం వెలగాలి. ఆ తర్వాతే ఏదైనా," అన్నాడు. తన వయసులో సగం లేనివాడి చేత అన్ని మాటలు పడి, అత్త ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మర్నాడు స్విచ్ బోర్డుకి అంచుల్లో పూలు కుట్టిన తెల్లగుడ్డ ఒకటి తగిలించింది. ఇంట్లో చుట్టాల కోసం దాచిపెట్టే పింగాణీ కప్పుల వరసలోకి కరెంటు కూడా చేరిపోయింది.

పేరుకి ఇల్లు వాళ్ళది. తలుపు పక్కన 'నమూనా ఇల్లు' అని బోర్డు కొట్టారు. గోడలకి తెల్లసున్నం వేయించి, పొగ తగిలితే పాడవుతాయని పొయ్యిని పెరట్లో రేకు కిందకి తోలేశారు. వాన పడితే కోడలు ఒక చేత్తో గొడుగు పట్టుకుని, రెండో చేత్తో గరిటె తిప్పుతుంది. కిరసనాయిల్ దీపం లోపల పెడితే మసి పడుతుంది కాబట్టి అదీ బయటే. వీధి మొత్తం మీద బల్బులున్నది ఆ ఒక్క ఇంట్లోనే. పొద్దు వాలగానే అందరికంటే ముందు చీకటయ్యేదీ ఆ ఇల్లే. కోడలి మొగుడు లారీ మీద దూరాలు తిరిగి వారానికోసారి చుట్టంలా వస్తాడు. ఆ చుట్టానికి కూడా అత్త బల్బు వెయ్యదు. కన్నతల్లి ఇంట్లో తడుముకుంటూ అన్నం తినాల్సొస్తోందని అతను నవ్వుతూనే అంటాడు. ఆ నవ్వు కోడలికి ఎప్పుడూ రుచించదు.

"నువ్వు నీ చొక్కాల గురించే చూస్తున్నావు," అంది అత్త, ఎర్రగుడ్డ అంచులు చేత్తో సాపు చేస్తూ. "నేను ముప్పై కొంపల గురించి చూస్తున్నాను."

కోడలు దారం పళ్ళతో తెంపి ఇంకో కాలరు అందుకుంది.

*

మర్నాడంతా కడగడాలూ తుడవడాలతోనే సరిపోయింది. ఫోటోల బాబు పొద్దున్నే వచ్చి ఇల్లంతా కలియతిరిగి, అది అక్కడ వద్దు, ఇది ఇక్కడ వద్దు అంటూ ఇంట్లో సగం సామాను పెరట్లోకి పంపించాడు. పాత కాలిమిషను కంటబడగానే అతను ముఖం చిట్లించాడు.

"ఇదింకా ఎందుకుందమ్మా ఇంట్లో? కరెంటు మిషనిచ్చాక కూడా దీన్ని పెట్టుకుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారు?"

"పని దీని మీదే అవుతోంది బాబూ," అంది కోడలు.

"అయితే రేపొక్కరోజు అవ్వనివ్వకు." అతను తన జోక్‌కి తానే నవ్వి, మిషను కాళ్ళు ఒక పక్క తను పట్టుకుని ఆమె చేత రెండో పక్క పట్టించి, పొయ్యి వెనకాల గోనెపట్టా కింద దాచేయించాడు. చొక్కాల మూట కూడా దాని పక్కనే పడేయించాడు. తెల్లచొక్కాలు. వాటికి బూడిద అంటుతుందేమోనని కోడలు తన పాత దుప్పటి తెచ్చి రెండు చుట్లు చుట్టింది.

దాంతో ఆ పూటంతా కుట్టుపని ఆగిపోయింది. గిన్నెలు తోముతున్నా, గడప కడుగుతున్నా ఆమె బుర్రలో చొక్కాలే తిరుగుతున్నాయి. కాలర్లు అయ్యాయి. చేతులు ఎక్కించాలి, జేబులు వెయ్యాలి, కాజాలు తియ్యాలి, గుండీలు కుట్టాలి. షాపాయన మంచివాడే కానీ గడువు దగ్గర మాత్రం రాయి. ఆ పని పోతే ఆమె చేతిలో ఇంకేం లేదు. ఆ పని ఉండబట్టే ఇంట్లో ఆమె మాటకి ఆ మాత్రమైనా విలువుంది. లేకపోతే ఆమె కూడా ఈ ఇంట్లో ఫోటో కోసం పెట్టిన వస్తువే.

పొద్దు గూట్లో పడే వేళకి ఇల్లు అద్దంలా తయారైంది. అత్త బావి దగ్గరికి వెళ్ళింది. కోడలు పెరట్లోకి వెళ్ళి దుప్పటి విప్పి, కొన్ని చొక్కాలు చంకలో పెట్టుకొచ్చింది. కొత్త మిషను ముసుగు తీసింది. స్విచ్ బోర్డు మీది పూలగుడ్డ పైకెత్తి స్విచ్చి నొక్కింది.

తెల్లటి వెలుతురు గదంతా పరుచుకుంది. చొక్కా చెయ్యి సూది కిందికి జరిపి మీట మీద కాలు ఆనించీ ఆనించక ముందే మోటారు గుర్రుమంది. కుట్టు గీత గీసినట్టు సాగిపోయింది. కాలిమిషను మీద పావుపూట పట్టే పని కళ్ళ ముందే జరిగిపోతుంటే ఆమె ఆత్రంగా ఇంకో చొక్కా అందుకుంది. కిటికీలోంచి ఎదురింటి వదిన కేక వినపడేదాకా ఆమెకు లోకం తెలియలేదు.

"ఏమిటా దీపం! ఏమమ్మా, రేపు మేడమ్ వస్తుంటే ఇవాళ దీపం వేశావేంటి?"

వదిన వీధి దాటి కిటికీ దగ్గరికే వచ్చేసింది. ఆవిడ వెనకాల ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు, చంకలో పిల్లల్తో. ఎవరూ కోపంగా లేరు. అదే కోడలికి ఇంకా కష్టమనిపించింది. కోపంగా ఉంటే తనూ నాలుగు అనేది.

"కొంచెం పనుంది వదినా. అర్జెంటు."

"మాకు మాత్రం లేదా తల్లీ? పిండిమర పెడదామని పెరట్లో గట్టు కట్టించుకుని కూర్చున్నాను. చేత్తో తిప్పి తిప్పి భుజాలు పడిపోయాయి. రేపు మీ ఇంట్లో దీపం వెలక్కపోతే నా మర కలలోనే తిరుగుతుంది. ఒక్కరోజు ఓర్చుకో. మా అందరి కోసం."

అంతలో అత్త నీళ్ళబిందెతో వచ్చింది. బిందె దించకుండానే లోపలికి నడిచి, స్విచ్చి ఆపి పూలగుడ్డ సర్దింది. గది మళ్ళీ చీకటైపోయింది. సగం కుట్టిన చెయ్యి సూది కిందే ఉండిపోయింది.

"నన్ను కట్టేసినట్టుందత్తయ్యా," అంది కోడలు చీకట్లోంచి. "ముందుకి కదిలితే మీరు. పక్కకి కదిలితే వీధి."

"నన్ను మాత్రం కట్టెయ్యలేదనుకున్నావా?" అని అత్త బిందె దించింది. "వీధిలో ఎవరెదురైనా, బ్యాటరీ నిండిందా అనే పలకరింపు. ఆరోగ్యమెలా ఉందని నన్నడిగి ఎన్నాళ్ళైందో."

*

మేడమ్ మిట్టమధ్యాహ్నం వచ్చింది. బయట కళ్ళు చెదిరే ఎండ. లోపల బల్బులన్నీ వెలుగుతున్నాయి. ఆ ఎండలో అవి వెలుగుతున్నాయో లేదో తెలియాలంటే తలెత్తి చూడాలి. అందుకని ఫోటోల బాబు కిటికీ రెక్కలు మూసేశాడు.

మేడమ్ మంచి మనిషే. గడప దగ్గర చెప్పులు విడిచింది. అత్త రెండు చేతులూ పట్టుకుని, "ఎంత పొందిగ్గా పెట్టుకున్నారమ్మా ఇల్లు!" అంది. అత్త ముఖం విప్పారింది. వీధి చివర ఈ ఇంటికి ఒకప్పుడు ఉత్తరాలు పంచేవాడు కూడా వచ్చేవాడు కాదు. కోడలు కొత్త మిషను ముందు కూర్చుని ఎర్రగుడ్డ సూది కింద పెట్టింది. మోటారు తిరిగింది. ఫోటో అయింది. మోటారు ఆగింది. గుమ్మం అవతల వీధి వీధంతా మునివేళ్ళ మీద నిలబడి చూస్తోంది.

మేడమ్‌తో పాటు కరెంటు వాడకం లెక్క చూసే మీటరాయన కూడా వచ్చాడు. పెద్ద వయసేం కాదు. చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది. అతను ఎవరినీ పలకరించకుండా మూలనున్న బ్యాటరీ పెట్టె ముందు గొంతుక్కూర్చుని, సంచిలోంచి చిన్న పరికరం తీసి దానికి తగిలించాడు. కాసేపు చూశాడు. పరికరం తీసి, తుడిచి, మళ్ళీ తగిలించాడు.

"మేడమ్, ఈ ఇంట్లో కరెంటు వాడటమే లేదు."

"అదేంటి?"

"బిగించిన రోజు నుంచీ మొత్తం కలిపినా ఇంత పెద్ద బ్యాటరీకి అది వాడకం కింద రాదండీ. ఎప్పుడో కాసేపు వేసి ఆపేస్తున్నారు. రోజులకి రోజులు అసలు ముట్టుకోలేదు."

మేడమ్ గది చుట్టూ చూసింది. తెల్లటి గోడలు, కొత్త మిషను, పూలగుడ్డ. ఆమె మొహంలో కోపం లేదు, జాలే ఉంది. "అయితే వీళ్ళకి ఇంత పెద్దది అవసరం లేదన్నమాట. నమూనా ఇంట్లోనే ఇలా ఉంటే మిగతా ఇళ్ళ మాటేంటి? ఊరికే ఇంత సామాను బిగించి ఏం లాభం? ఇంటికొక చేతిదీపం ఇద్దాం, చాలు. ఇక్కడిది విప్పి, నిజంగా అవసరమున్న చోటికి పంపిద్దాం."

"అవునండీ," అన్నాడు ఫోటోల బాబు వెంటనే. "ఈ వీధివాళ్ళు మహా పొదుపు మనుషులండీ."

పొదుపు! కోడలు గబుక్కున లేచింది. మోకాలు కలుక్కుమంటే మిషను పట్టుకుని నిలదొక్కుకుంది. అత్త వంక చూసింది. అత్త చేతులు ఇందాక మేడమ్ పట్టుకుని వదిలినచోటే గాల్లో ఉన్నాయి.

"మాకు అవసరం లేకపోవడమేంటండీ! మీరొస్తారని దాచామండీ. ఎవరొచ్చినా దీపం వెలగాలన్నారు. అందుకని మేం వేసుకోకుండా మీకోసమే అట్టే పెట్టామండీ."

మేడమ్ గుండె మీద చెయ్యి వేసుకుంది. "విన్నారా? మన కోసం దాచి ఉంచారట. తాము చీకట్లో ఉండి! ఎంత మంచి మనసులు!"

"మంచి మనసు కాదండీ, అదీ..."

"ఈ మాట నేను పెద్ద మీటింగులో చెప్తానమ్మా. తప్పకుండా చెప్తాను." ఆవిడ కళ్ళు నిజంగానే చెమర్చాయి.

"పెరట్లో నా మిషనుందండీ. చొక్కాలున్నాయి. ఒక్కసారి వచ్చి చూడండి. పని లేక కాదు..." కోడలు పెరటి తలుపు వైపు తిరిగింది. ఆ తలుపుకి అడ్డంగా అప్పటికే ఫోటోల బాబు నిలబడ్డాడు, కెమెరా సర్దుకుంటూ, నవ్వుతూ.

"టైమైపోతోంది మేడమ్. ఇంకా రెండు ఊళ్ళు చూడాలి."

మేడమ్ చెప్పులు తొడుక్కుంది. వెళ్తూ వెళ్తూ కోడలి బుగ్గ నిమిరింది. మీటరాయన సంచి భుజానికి తగిలించుకుంటూ, "ఎల్లుండి వచ్చి విప్పుకెళ్తానమ్మా," అన్నాడు అత్తతో. అతనికి తల ఎత్తడానికి ఎందుకో మొహమాటమనిపించినట్టుంది, మాట గడపకి చెప్పి వెళ్ళిపోయాడు.

*

వాళ్ళ కారు దుమ్ము అణగకముందే వీధి లోపలికి వచ్చి పడింది.

"మీ ఇంట్లో పెట్టారనేగా మా ఇళ్ళకి రాకుండా పోయింది!" అంది ఎదురింటి వదిన. "మా ఇంట్లో పెట్టి ఉంటే వాడి చూపించేదాన్ని. బ్యాటరీ కళ్ళు తేలేసేదాకా వాడి చూపించేదాన్ని."

నిన్న ఇదే కిటికీలోంచి ఒక్కరోజు ఓర్చుకోమన్నది నువ్వే కదా అని కోడలి నోటిదాకా వచ్చింది. కానీ వదిన ఏడుస్తోంది. మోచేతులదాకా పిండి అంటిన చేతులతోనే కళ్ళు తుడుచుకుంటోంది. ఆ మాట ఇప్పుడంటే ఆవిడ కుప్పకూలిపోతుందని కోడలు ఊరుకుంది.

అత్త మంచం మీద కూర్చుని ఉంది. తిట్లన్నీ వింది. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. పొద్దు వాలింది. గదిలో చీకటి గోడల మీంచి నేల మీదికి దిగుతోంది. కోడలు పెరట్లోకి వెళ్ళి గోనెపట్టా తీసి, కాలిమిషనును ఒక్కతే బరబరా ఈడ్చుకుంటూ తెస్తోంది. అరుగు మీద ఇంకా కాస్త వెలుతురుంది. ఒకటో రెండో చొక్కాలైనా అవుతాయి.

"దాన్నక్కడే వదిలెయ్," అంది అత్త.

కోడలు ఆగింది. అత్త లేచి స్విచ్ బోర్డు దగ్గరికి వెళ్ళింది. పూలగుడ్డ రెండు మూలలూ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. మేకుతో సహా ఊడి వచ్చింది. కొంచెం సున్నం రాలింది. ఆమె స్విచ్చులన్నీ నొక్కింది. ఒక్కటి కూడా వదలకుండా నొక్కింది.

"కుట్టు."

"ఎంతసేపు?"

"నీ ఇష్టం వచ్చినంతసేపు."

"రేపెవరైనా వస్తే?"

"ఇంకెవరొస్తారే మనింటికి?"

కోడలికి జాలీ కోపమూ కలిసి ఒక్కసారే పొంగుకొచ్చాయి. జాలిని మింగింది కానీ కోపం మింగుడు పడలేదు. "ఇన్నాళ్ళూ ఎవరి కోసం దాచామత్తయ్యా? నా మోకాలు చూడండి. ఇది ఎవరి కోసం ఇలా అయిందో చెప్పండి."

అత్త వంగి, ఆ వాచిన మోకాలిని బల్బు వెలుతురులో మొదటిసారి చూసింది. చేత్తో తాకబోయి ఆగింది. "అందరి కోసమే అనుకున్నానే," అంది. ఆ గొంతులో ఎప్పటి గట్టితనం లేదు. అత్త వెళ్ళి చొక్కాల మూట తెచ్చి, దుప్పటి విప్పి, బూడిద దులిపి, చేతులు వేరుగా జేబులు వేరుగా పేర్చి పెట్టింది.

మోటారు మొదలైంది. ఫోటో తీసేంతసేపు దాటిపోయింది. అయినా ఆగలేదు. ఇక్కడ ఆగాలేమోనన్న బెదురు కోడలి వేళ్ళలో ఇంకా ఉంది. రెండో చొక్కాకి గానీ అది పోలేదు. కాలు మాత్రం మాట వినడం లేదు. మీట మీద ఎడమకాలుంది. మోటారు దాని పని అది చేసుకుపోతుంటే, కుడికాలు అలవాటు కొద్దీ గాలిలో తొక్కుతూనే ఉంది. అది చూసి అత్తకి నవ్వొచ్చింది. కోడలికీ వచ్చింది. బ్యాటరీ నీరసించి బల్బులు పసుపురంగుకి తిరిగేదాకా కుట్టింది. పూర్తిగా ఆరిపోయాక ఇద్దరూ చీకట్లో కూర్చున్నారు. ఆ చీకటి రోజూ ఉండే చీకటిలా అనిపించలేదు.

*

మర్నాడు ఎండకి బ్యాటరీ మళ్ళీ నిండింది. నిండుతుండగానే మోటారు తిరిగింది. ఆ చప్పుడు వీధంతా వినపడింది. ఎదురింటి వదిన మొదట తన గుమ్మంలో నిలబడి విన్నది. తర్వాత అరుగు ఎక్కింది. తర్వాత లోపలికి వచ్చి, గుండీల డబ్బా ముందు పెట్టుకుని గుండీలు కుట్టడం మొదలుపెట్టింది. ఆవిడకి పిండి తప్ప ఏమీ రాదనుకున్నారు గానీ గుండీలు బ్రహ్మాండంగా కుట్టింది.

ఎల్లుండి అన్న రోజు వచ్చింది. మీటరాయన చిన్న ట్రాలీ బండితో, నిచ్చెనతో పొద్దున పదింటికల్లా దిగాడు. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల మోటారు చప్పుడు. అతను తలుపు తట్టాడు.

ఎవరు తలుపు తట్టినా అత్త చేతిలో పని చేతిలోనే వదిలేసి పరిగెత్తేది. చెంగున గడప దగ్గరుండేది. ఈసారి చాలాసేపటికి గానీ తలుపు తెరవలేదు. తెరిచినా సందు మాత్రమే తెరిచి, ఆ సందుకి అడ్డంగా నిలబడింది.

"ఇవాళ చూపించడం లేదు బాబూ," అంది. "లోపల పని జరుగుతోంది."

"చూడ్డానికి రాలేదమ్మా. విప్పుకెళ్ళడానికి వచ్చాను. చెప్పాను కదా."

"విప్పుకెళ్ళు. నీదే కదా సామాను. పనైపోయాక."

"ఎప్పుడైపోతుంది?"

"పనంటే అవుతూ ఉంటుంది. ఎప్పటికైపోతుందని చెప్పను?"

అతను మెడ చాచి ఆవిడ భుజం మీంచి లోపలికి చూశాడు. మిషను ముందు కోడలు తల ఎత్తకుండా కుడుతోంది. కుట్టిన తెల్లచొక్కాలు మంచం నిండా ఉన్నాయి. ఎదురింటావిడ నేల మీద గుండీలతో కూర్చుంది. తెల్లగోడ మీద అప్పుడే ఎవరిదో చేతిమరక పడింది. బ్యాటరీ పెట్టె మీది ఎర్రదీపం మిణుకుమంటోంది. అదెందుకు మిణుకుతుందో అందరికంటే అతనికే బాగా తెలుసు. వాడకం ఎక్కువైతేనే అలా మిణుకుతుంది.

"ఇట్లా మొదటి నుంచీ వాడి ఉంటే నేను ఇవాళ రావాల్సిన పనే ఉండేది కాదమ్మా," అన్నాడు నెమ్మదిగా.

"మొదటి నుంచీ మమ్మల్ని ఇట్లా వదిలేసి ఉంటే మేమూ వాడేవాళ్ళమే."

అతను నుదురు తుడుచుకున్నాడు. "ఇవాళ విప్పకుండా వెళ్తే నా ఉద్యోగానికి ముప్పొస్తుంది. నన్నేం చెయ్యమంటారు?"

"నిన్ను వెళ్ళమన్నానా? కూర్చో. మేం ఎంతమంది కోసం ఎన్నిసార్లు కూర్చోలేదు?" అత్త లోపలికి వెళ్ళి ఎర్రగుడ్డ తెచ్చి అరుగు మీద పరిచింది. "కింద ఎండకి కాలిపోతుంది. దీని మీద కూర్చో. మంచి గట్టి గుడ్డ. ఎన్నాళ్ళైనా చిరగదు."

అతను కాసేపు తటపటాయించాడు. నిచ్చెన గోడకి ఆనించి, చివరికి ఆ గుడ్డ మీద కూర్చున్నాడు. జేబులోంచి ఫోను తీశాడు. ఎవరికి చెయ్యాలో, ఏమని చెప్పాలో తెలియనట్టు దాన్ని అరచేతిలో పట్టుకుని ఊరుకున్నాడు. అత్త మంచినీళ్ళు ఇచ్చి తలుపు మళ్ళీ దగ్గరగా వేసింది.

లోపల కోడలు ఇదంతా విన్నది. సూది కింద ఉన్నది ఆఖరి చొక్కా. షాపాయన గడువు లోపే పనైపోయినట్టే. కానీ ఈ కుట్టు చివరిదాకా వస్తే మోటారు ఆగుతుంది. మోటారు ఆగితే బయటున్నవాడు లేస్తాడు. ఆమె మీట మీద కాలు తేలిక చేసింది. సూది ఒక్కొక్క అడుగూ వేస్తూ, నడక నేర్చిన పిల్లలా వెళ్తోంది. ఎంత నెమ్మదిగా వెళ్ళినా అంచు దగ్గరపడుతూనే ఉంది.

"ఏమమ్మా, అయిందా?" అన్నాడు మీటరాయన బయటినుంచి. విసుగుతో కాదు. అతనికీ అవ్వకపోతే బాగుండుననే ఉన్నట్టుంది.

ఆమె దారం తెంపడానికి కత్తెర అందుకుంది.

పెరటి తలుపు కిర్రుమంది. అత్త, ఎప్పుడు వెళ్ళిందో ఏమో, చేతుల నిండా, గడ్డం దాకా గుడ్డలు మోసుకుంటూ వచ్చింది. చిరిగిన దుప్పట్లు, పిండి సంచులు, పిల్లల నిక్కర్లు, కిటికీ తెరలు. ఎవరి ఇంట్లోంచి ఏది తెచ్చిందో తెలియదు. ఆవిడ వెనకాల వీధిలోని ఆడవాళ్ళు ఒక్కొక్కరే పెరట్లోంచి లోపలికి వస్తున్నారు. ప్రతివాళ్ళ చంకలోనూ ఏదో ఒక మూట ఉంది. అత్త తన చేతుల్లోవన్నీ మిషను పక్కన పోసి, పైదాన్ని తీసి కోడలి చేతికిచ్చింది.

కోడలు కత్తెర కింద పెట్టి, ఆ గుడ్డని సూది కిందికి జరిపింది.

"ఇంకా కాలేదు బాబూ," అంది అత్త, తలుపు వైపు తిరిగి. "ఇంకా ఉంది. చాలా ఉంది."